మాధవరావు మనసు, భిక్షపతి మగ్గం

దేవరకొండ సాలెల వాడలో భిక్షపతికి నేత కంటే చదువుతోనే పేరొచ్చింది. చదువంటే పెద్ద పరీక్షలేవో పాసయ్యాడని కాదు. నిజాం కాలంలో ఉర్దూ బడిలో నాలుగో జమాతు దాకా చదివి, పంతులు బెత్తానికి జడిసి మగ్గం గుంటలోకి దిగినవాడు. తెలుగు అక్షరాలు ఆ తర్వాతెప్పుడో గ్రంథాలయంలో కూర్చుని తనకు తానే కూడబలుక్కున్నాడు. అయితేనేం, గొంతుంది చూశారూ, అది దేవుడిచ్చింది. ఖిల్లా గుట్ట మీద నిలబడి పిలిస్తే కింద సంతలో బేరమాడేవాడు ఉలిక్కిపడి వెనక్కి తిరగాల్సిందే.

ఆ గొంతే అతన్ని గుంటలోంచి సగం పైకి లేపింది. నేతగాళ్ల సంఘం షెడ్డులో ఆరు మగ్గాలున్నాయి. పొద్దున నుంచీ అదే నాడె, అదే చప్పుడు. మధ్యాహ్నం జొన్నరొట్టె తిన్నాక నిద్ర ముంచుకొస్తుంది, నిద్రలో పేక, అంటే అడ్డదారం, తప్పుతుంది. అందుకని వాళ్లలో వాళ్లే ఒక కట్టుబాటు చేసుకున్నారు. తిండి అయినప్పటి నుంచి పొద్దు వాలేదాకా భిక్షపతి నవల చదవాలి. చదివినంతసేపు అతని మగ్గం ఖాళీగా ఉండకుండా వినేవాళ్లు వంతులవారీగా వచ్చి తలా ఒక జానెడు అతని చీర నేసిపెట్టాలి. అట్లా భిక్షపతి చీర ఎప్పుడూ ఒక్కడి చీర కాదు. దాంట్లో అందరి చేతులూ ఉండేవి.

ఏ జానెడు ఎవరిదో చెప్పడానికి వెంకటనర్సమ్మ ఉంది. భిక్షపతికి మేనత్త, డెబ్బయ్యేళ్ల ముసలమ్మ, మూలన రాట్నం ముందర కూర్చుని కండెలు చుట్టేది. మగ్గం మీంచి చీర కోసిన రోజు దాన్ని ఒళ్లో వేసుకుని వేలితో తడుముతూ పోయేది.

"గిది బుచ్చయ్య చెయ్యి. పెండ్లాంతోని లొల్లి పెట్టుకొని వచ్చిండు, పేక ఎట్ల గుద్దిండో చూడుండ్రి."

బుచ్చయ్య తల వంచుకునేవాడు. ముసలమ్మ మాట ఒక్కసారీ తప్పలేదు.

ఇక చదువు సంగతి. ఆరు మగ్గాల చప్పుడు మీద వినపడాలంటే అరవక తప్పదు. నవలలో నాయకుడు వెన్నెల్లో నాయిక చెవిలో గుసగుసలాడితే, ఆ గుసగుస భిక్షపతి గొంతులోంచి రెండు వీధుల అవతలికి వెళ్లేది. "ప్రియా, నీవు లేక నేను జీవించలేను!" అని అతను గావుకేక పెడితే, అటుగా పోతున్న కొత్త మనుషులు ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందని షెడ్డు దాకా పరుగెత్తుకొచ్చిన రోజులున్నాయి.

అంతా బాగానే ఉంది కానీ, ఆరో మగ్గం రామచంద్రయ్యది. భిక్షపతికి సొంత అన్న. అన్నదమ్ములకు ఏడేళ్లుగా మాటల్లేవు. తెలుగువాళ్ల రాష్ట్రాలు రెండూ కలిసిన ఏడాదే ఈ అన్నదమ్ములిద్దరూ విడిపోయారు.

తగాదా దేని మీదంటే ఒక నాడె మీద. అవును, మగ్గంలో పేకదారాన్ని అటూ ఇటూ తిప్పే నాడె మీదే. వాళ్ల బాపు నలభై ఏళ్లు ఆడించిన చేతినాడె అది. బొటనవేలు పడేచోట గుంట పడి నున్నగా మెరిసేది. బాపు పోయాక పంపకాల రోజున "పెద్దోన్ని, నాకొస్తది" అని రామచంద్రయ్య తీసుకున్నాడు. "నాకిస్తనన్నడు బాపు" అని భిక్షపతి అన్నాడు. "ఎప్పుడన్నడురా?" అంటే "నువ్వు లేనప్పుడు" అన్నాడు. అంతే, ఉప్పూ నిప్పూ అయిపోయారు. ఇల్లూ వాకిలీ పంచుకున్నప్పుడు నోరు మెదపనివాళ్లు, జానెడు కొయ్యముక్క దగ్గర తెగిపోయారు.

ఒకే షెడ్డులో పనిచేస్తూ మాట్లాడుకోకుండా ఉండటం అంటే మాటలా! మధ్య మగ్గం బుచ్చయ్యది కాబట్టి అతని బతుకు టపాఖానా అయింది.

"బుచ్చయ్యా, గా ముక్క మళ్లొక్కసారి చదవమను" అనేవాడు రామచంద్రయ్య.

"బుచ్చయ్యా, చెవులు దగ్గర పెట్టుకొని వినమను" అనేవాడు భిక్షపతి. అంటూనే, ఆ ముక్క మొదటి నుంచీ మళ్లీ చదివేవాడు.

వంతుల సంగతి వచ్చేసరికి మాత్రం భిక్షపతికి ఒక లెక్క ఉండేది. వినేవాళ్లు అయిదుగురైనా నేసేది నలుగురే. అన్న ఉచితంగా వింటున్నాడు. "ముఫత్ కత" అని ఇంటికొచ్చి పెళ్లాం సుగుణమ్మ దగ్గర మూతి తిప్పేవాడు. చదివేటప్పుడు అతను గడపలో వెలుతురుకు ఎదురుగా, మగ్గాలకు వీపు పెట్టి కూర్చునేవాడు. పైగా చత్వారం అద్దాలు. పుస్తకం దాటితే అతనికి ఎద్దుకూ మనిషికీ తేడా కనిపించేది కాదు.

చైనాతో యుద్ధమైన మరుసటేడు ఎండాకాలంలో రెండు విశేషాలు ఒక్కసారే వచ్చిపడ్డాయి. మొదటిది, రామచంద్రయ్య షోలాపూరు పోతున్నాడు. బామ్మర్ది అక్కడ మిల్లులో జాగా చూశాడు. మగ్గం మీదున్న పడుగు, అంటే నిలువుదారం, అయిపోగానే పెళ్లాం మల్లమ్మను తీసుకుని బస్సెక్కుతాడు. షోలాపూరు పోయిన సాలెవాళ్లు పెండ్లికో చావుకో తప్ప తిరిగి రారని వాడకంతా తెలుసు. భిక్షపతికీ తెలుసు.

"పోతే పోనియ్. నాకేం ఫికర్" అన్నాడు. అన్నాడే గానీ, ఆ రోజు నుంచి పొద్దున షెడ్డులోకి రాగానే అతని కళ్లు ముందు తన మగ్గం మీద పడకుండా, అన్న మగ్గం మీద ఇంకెంత పడుగు మిగిలిందో చూసేవి. తనకు తెలియకుండానే చూసేవాడు పాపం.

రెండో విశేషం మాధవరావు. గ్రంథాలయంలో దొరికిన ఆ నవలకు అట్ట లేదు, పేరు లేదు, రాసినవాడెవడో అసలే తెలియదు. కోస్తా దిక్కు కథ. మాధవరావు అనే జమీందారు బిడ్డ, మూడేళ్ల కింద అన్న రాఘవరావుతో తండ్రి బంగారు గడియారం గురించి తగాదాపడి ఇల్లు విడిచాడు. అప్పటినుంచీ ఊళ్లు పట్టుకు తిరుగుతూ, తాను ప్రేమించిన సరోజినిని పెళ్లాడక, అలాగని వదలక, మంచం మీద పడుకుని నిట్టూరుస్తూ ఉంటాడు. తిండికి లోటు లేదు, చేసే పని లేదు.

"గీనెకు రోగమేంది?" అని అడిగాడు బుచ్చయ్య నాలుగో రోజున.

"కడుపుల పురుగులు" అంది వెంకటనర్సమ్మ.

"దిష్టి" అన్నాడు పీర్ మహమ్మద్. అతను రంగులద్దిన నూలు తెచ్చి దించి, కథ మొదలైతే కదిలేవాడు కాదు. "భిక్షపతి భాయ్, ఎవరన్న జర తాయెత్తు కట్టిస్తే రెండు దినాల్ల లేచి కూసుంటడు."

ఈ రోగానికి అసలు మందు ఇస్రాయేలు సారు దగ్గర దొరికింది. ఆయన బడిపంతులు. ఏడాదిపాటు హైదరాబాదులో ట్రైనింగుకు పోయి, మనస్తత్వశాస్త్రం నోటుబుక్కు ఒకటి వెంట తెచ్చుకున్నాడు. బళ్లో పిల్లలకు అది చెబితే అర్థం కాదు, తోటి పంతుళ్లకు చెబితే పారిపోతున్నారు. తువ్వాళ్ల కోసం షెడ్డుకు వచ్చి, మాధవరావు కథ విని, ఆయన మొహం పెట్రోమాక్సు లైటులా వెలిగింది.

"ఇది కడుపు జబ్బు కాదు భిక్షపతీ, మనసు జబ్బు. ఆస్ట్రియా దేశంలో ఒక డాక్టరు కనిపెట్టిండు. మనిషికి తెలిసిన మనసు కొంచెమే. తెలువని మనసు కింద దాగి ఉంటది. మనిషిని నడిపిచ్చేది అదే. చిన్నప్పుడు తండ్రి కాడ, తల్లి కాడ తీరని కోరికలన్నీ అండ్ల పడి ఉంటయి. కలలల్ల బయటపడతయి. నోరు జారినప్పుడు బయటపడతయి. నోరు ఊరికే జారదు, యాది పెట్టుకో."

భిక్షపతి నోరు తెరుచుకుని విన్నాడు. "సార్, గిది మన మగ్గమే గద" అన్నాడు. "పైన అందరికి కనబడేది చేతులు. గుంటల తొక్కేది కాళ్లు. కాళ్లు తొక్కకుంటే చేతులేం నేస్తయి?"

ఇస్రాయేలు సారు నోటుబుక్కు తీసి ఆ ముక్క రాసుకున్నాడు. నోటుబుక్కు కూడా భిక్షపతికి పదిరోజులు ఇచ్చిపోయాడు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. భిక్షపతి శాస్త్రం ముందు ఇంట్లో మొదలుపెట్టాడు. తెల్లారి లేవగానే సుగుణమ్మను ఎదురుగా కూర్చోబెట్టి "రాత్రి కల చెప్పు" అన్నాడు.

"ఇంట్లకు దున్నపోతు సొచ్చింది. వద్దన్నా పోదు. అన్నం కుండల మూతి పెట్టింది."

"దున్నపోతంటే మీ నాయిన. చిన్నప్పుడు నువ్వు ఆయన..."

"మా నాయిననెందుకంటవయ్యా! దానికి అద్దాలున్నయి. చేతుల పుస్తకం గూడ ఉండె" అంది సుగుణమ్మ, చీపురు తీసుకుంటూ.

షెడ్డులో మాత్రం శాస్త్రం బ్రహ్మాండంగా నడిచింది. నోటి జారుడు పరీక్షకు బుచ్చయ్య దొరికాడు. భార్య అమృతమ్మ సద్ది తెస్తే "గౌరీ, ఇటు రాయే" అని పిలిచాడు. గౌరి వాళ్ల బర్రె. షెడ్డు షెడ్డంతా ఘొల్లుమంది. బుచ్చయ్య తెలియని మనసులో బర్రెకు ఎంత చోటుందో భిక్షపతి అరగంట వివరించాడు. అమృతమ్మ వారం రోజులు సద్ది తేలేదు.

ఇక మాధవరావునైతే పోగు పోగు కింద విప్పేశాడు. పదకొండో అధ్యాయంలో మాధవరావు వంకాయకూర తినడు. ఎందుకు తినడు? చిన్నప్పుడు ఆ కూర వదినె వండేది గనక. పదమూడో అధ్యాయంలో తాళం పడ్డ తలుపు కలలో వస్తుంది. ఆ తలుపు ఎవరిది? అన్నది. సరోజినిని ఎందుకు పెళ్లాడడు? పెళ్లయితే పెళ్లిపీటల మీదికి అన్నను పిలవాలి గనక. ఒక పేజీ చదివితే మూడు పేజీల వ్యాఖ్యానం. జనం మరీ లీనమై వినేవాళ్లు.

"అంటే ఈనె కోపం అన్న మీద గాదా?" అని అడిగాడు పీర్ మహమ్మద్.

"అన్న మీదనే. గని దానికింద ఇంకోటున్నది. తండ్రి అన్నను ఒళ్లె కూసోబెట్టుకున్నడు, ఈన్ని కూసోబెట్టుకోలే. గా గడియారం దొరికితే తండ్రి దొరికినట్టు. సమజైందా?"

"అయింది" అంది మూలనుంచి వెంకటనర్సమ్మ. "నీకైందా?"

ఆ మాట భిక్షపతి పట్టించుకోలేదు. ముసలమ్మకు శాస్త్రమేం తెలుసు అనుకున్నాడు. సుగుణమ్మ కూడా ఒకసారి అననే అంది, "కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా? ఆ మాధవరావు అన్నదమ్ముల సంగతి నీకెందుకు, నీ సంగతి చూసుకోరాదు?" అని. చెవిన పెడితేగా!

రామచంద్రయ్య మాత్రం ఈ రోజుల్లో బుచ్చయ్య ద్వారా కూడా ఏమీ అడగలేదు. అతని మగ్గం మీద పడుగు తరుగుతోంది. ఇంకో చీర ఉంది. చూస్తుండగానే అరచీరంతే మిగిలింది.

అప్పుడే ఆపద వచ్చిపడింది. ముప్పయ్యో అధ్యాయంలో అన్న ఉత్తరం రాస్తాడు, "తమ్ముడూ, ఒక్కసారి రా" అని. మాధవరావు ఆ ఉత్తరం చేత్తో పట్టుకుని రైల్వే స్టేషనులో నిలబడతాడు. బండి కూత వేస్తుంది. పేజీ తిప్పితే పేజీ లేదు. ఎవడో పుణ్యాత్ముడు ఆఖరి పదహారు పేజీలు చింపుకుపోయాడు.

షెడ్డులో గగ్గోలు పుట్టింది. "ఎక్కిండా, ఎక్కలేదా?" అని బుచ్చయ్య గుంటలోంచి లేచి నిలబడ్డాడు. పీర్ మహమ్మద్ అయితే ఆ చింపినవాడి చేతులు పడిపోవాలని ఉర్దూలో శాపం పెట్టాడు.

"పేజీలెందుకు?" అన్నాడు భిక్షపతి ఛాతీ విరిచి. "మనకు శాస్త్రమున్నది. మాధవరావు మనసు నాకు తెలుసు. రేపు ఆఖరి అధ్యాయం నేను చెప్త."

మర్నాడు అందరూ మగ్గాలు ఆపి మరీ విన్నారు. భిక్షపతి మూసిన పుస్తకం చేత్తో పట్టుకుని మొదలుపెట్టాడు.

"మాధవరావు బండెక్కడు. శాస్త్రం ప్రకారం ఎక్కలేడు. ఎందుకెక్కాలె? అన్న ఉత్తరం రాస్తే సరిపోతదా? ఎదురుగొచ్చి ఒక్కమాట అనొద్దా? పొద్దున లేస్తే మొకం మొకం చూసుకుంటిరి, ఒక్కనాడన్న తమ్మీ అన్నడా? పెద్దోడు గద, ముందుగాల ఆయినే మాట్లాడాలె. ఏడేండ్లు! ఏడేండ్ల నుంచి కండ్లల్ల వత్తులేసుకొని చూస్తుండు గీనె. ఆఖరికి చెప్పకుంట చెయ్యకుంట ఊరిడిసి పోతనంటడు! బాపు నాడె గూడ పట్టుకొని పోతడు! పోనియ్యి, పోతే..."

అక్కడ ఆగిపోయాడు. షెడ్డులో ఈగ ఒకటి తిరుగుతోంది.

"మూడేండ్లు గదరా?" అంది వెంకటనర్సమ్మ మెల్లగా. "గడియారం గద?"

నోరు ఊరికే జారదని పదిరోజులు అందరికీ పాఠం చెప్పినవాడే కదా భిక్షపతి. నోటిలోంచి ఊడిపడ్డది ఏమిటో షెడ్డులో ఇప్పుడు అందరికంటే బాగా అతనికే తెలుసు. చెవులు ఎర్రబడ్డాయి. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అది తలకిందులుగా ఉంది.

వెనక మగ్గం గుంటలోంచి మనిషి లేచిన అలికిడి. రామచంద్రయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"బుచ్చయ్యా, మాధవరావు అన్నకు గూడ ఒక మనసుంటదని చెప్పు" అన్నాడు. గడపలో కూర్చున్న తమ్ముడి పక్కనుంచి, అతని మీద తువ్వాలు అంచు కూడా తగలకుండా, వెళ్లిపోయాడు.

మర్నాడు షెడ్డుకు వచ్చేసరికి ఆరో మగ్గం ఖాళీగా ఉంది. తెల్లవారుజామునే వచ్చి మిగిలింది నేసుకుని, బట్ట కోసుకుని పోయాడట. సోమవారం పొద్దుటి బస్సుకు ప్రయాణమట. భిక్షపతి ఆ ఖాళీ గుంట వైపు ఒకసారి చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు. ఆ రోజు గ్రంథాలయం నుంచి వేరే నవల తెచ్చి చదివాడు. గొంతు లేవలేదు. నాయిక ఏడ్చినా, నాయకుడు నూతిలో దూకినా అంతా ఒకటే చప్పగా చదివాడు. బుచ్చయ్య కూర్చున్నచోటే కునికాడు.

ఆదివారం మధ్యాహ్నం భిక్షపతి చీర కోశారు. వెంకటనర్సమ్మ ఒళ్లో పరుచుకుని వేలితో తడుముతుంటే, అతను పక్కన కూలబడ్డాడు.

"అత్తా, నా చెయ్యి చెడ్డది" అన్నాడు దిగులుగా. "మొన్నటిదాంక ఎంత మంచిగ నేసిన చూడు. అంచు గీత గీసినట్టున్నది. మూడు దినాల నుంచి గట్లాంటి నేత ఒక్క జానెడు గూడ లేదు."

ముసలమ్మ వేలు ఆగింది. "పొద్దుగాల నువ్వు నేసేది ఎన్ని జానలురా?"

"రెండు."

"వంతులోల్లు?"

"నలుగురు. నాలుగు జానలు."

"గీ చీరల మూడు దినాల ముందటి నేతల, గుర్తు దారం నుంచి గుర్తు దారం దాంక, ఒక దినంది లెక్కపెట్టు."

లెక్కపెట్టాడు. ఏడు జానలున్నాయి. మళ్లీ లెక్కపెట్టాడు. మళ్లీ ఏడే. "ఊపు మీదున్న దినం నేను మూడు నేస్తనేమో" అన్నాడు.

"ఏడేండ్ల సంది దినాము ఊపేనారా నీకు?" వెంకటనర్సమ్మ చీరను అతని ఒళ్లోకి విసిరేసింది. "గురిగింజ తన కింది నలుపెరగదంటరు గిందుకే! కాయితం మీది మాధవరావు గుంటల కాళ్లు కనబడ్డయి గని, నీ మగ్గంల కూసున్న మనిషి కనబడలేదురా నీకు? మంచిగున్నదంత నాదే అనుకుంటివి. మీ అన్న చెయ్యిరా అది! ఇద్దరికి ఒక్క బాపు నేర్పిన చెయ్యాయె, అందుకే ఆనవాలు పట్టకపోతివి. నువ్వు పుస్తకం తెరిస్తే సాలు, ముందుగాల వాడే వచ్చి నీ గుంటల కూసునేది. ఒక్కనాడు వంతు తప్పలేదు. 'తమ్మునికి చెప్తే నా మీద ఒట్టు' అన్నడు. ఒట్టని మేము నోరు కుట్టుకున్నం. ఏ నాడెతోని నేసిండో అదన్న ఎరికేనా? బాపు నాడె. పొద్దుగాల రొంటిల దోపుకొని తెచ్చేది, నీ జానెడు నేసేది, మళ్ల రొంటిల పెట్టుకొని పోయేది."

భిక్షపతి చీర విప్పి ఆ జానెడు మీద వేలు పెట్టాడు. తనదే అని మురిసి, సంఘం మేనేజరు దగ్గర కూడా ఎన్నోసార్లు వేలు పెట్టి చూపిన జానెడు అది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అద్దాలు తీసి తుడుచుకుని, ఎందుకో తెలియదు, అట్టలేని మాధవరావు నవలను చంకలో పెట్టుకుని బయటికి పరుగెత్తాడు.

అన్న ఇల్లు నాలుగిళ్ల అవతల. ఏడేళ్లుగా ఆ ఇంటి ముందరికి రాగానే అతని కాళ్లు వాటంతటవే వీధికి అవతలి పక్కకు జరిగేవి. ఈ రోజు కూడా జరగబోయాయి. "మీరు గుంటల పడ!" అని తన కాళ్లను తానే తిట్టుకుని లోపలికి నడిచాడు.

వాకిట్లో రామచంద్రయ్య బొంతలు చుట్టి తాడుతో ముడి వేస్తున్నాడు. చాటలో బియ్యం ఏరుతున్న మల్లమ్మ మరిదిని చూసి చాట వదిలేసింది. బియ్యం వాకిలంతా చెదిరాయి. ఊరందరికీ కథలు చదివేవాడికి ఆ గడప దాటాక ఒక్క ముక్క నోట్లోంచి రాలేదు.

రామచంద్రయ్య తాడు వదలకుండానే తలెత్తి తమ్ముడి మొహం చూశాడు. చంకలో పుస్తకం చూశాడు. ఏడేళ్ల తర్వాత మొట్టమొదటి మాట అన్నాడు.

"ఆఖరికి ఏమైందిరా?"

"ఎవలికి?"

"మాధవరావుకు."

"కాయితాలు లెవ్వన్నా."

"మరి పోలేదంటివి? శాస్త్రమంటివి?"

"శాస్త్రం గాదన్నా, నా మొండితనం." అంతవరకే చెప్పగలిగాడు. తర్వాత గొంతు, ఆ ఖిల్లా గుట్ట గొంతు, చిన్నపిల్లవాడి గొంతులా విరిగిపోయింది. నలభై రెండేళ్ల మనిషి వాకిట్లో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

రామచంద్రయ్య లేచి గూట్లోంచి గుడ్డలో చుట్టిన నాడె తీసుకొచ్చాడు. "గిది నా ఒక్కనిది గాదని నాకు గూడ తెలుసుర. నోటితోని ఇస్తమంటే మనసొప్పలే. అందుకే రోజింత నీ మగ్గంల ఆడిచ్చిన. పోయేటప్పుడు అత్త చేతికిచ్చి పోదామనుకున్న. నువ్వే వచ్చినవు. తీస్కో."

ఏడేళ్లుగా దేనికోసం పంతం పట్టి కూర్చున్నాడో ఆ కొయ్యముక్క ఎదురుగా ఉంది. బొటనవేలి గుంట మెరుస్తోంది. భిక్షపతి రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"నాకొద్దు."

"ఏడేండ్లు గిదే కావాలంటివి గదరా!"

"ఇప్పుడు తీసుకుంటే నువ్వు బస్సెక్కుతవు. నీ కాడనే ఉండనియ్. రోజు తెచ్చుకో, నేసిపో. నా ఏడో జానెడు ఇంకెవలు నేస్తరు?"

"బామ్మర్దికి మాటిచ్చినరా" అన్నాడు రామచంద్రయ్య, కానీ ఆ మాటలో బలం లేదు. నాడెను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ భార్య వైపు చూశాడు.

మల్లమ్మ అప్పటికే బొంతల మూట దగ్గర కూర్చుంది. "మా తమ్మునికి నేను కార్డు రాయిస్త. గీ ముడి ఇప్పుతున్న. వద్దనేటోల్లు ఎవలన్న ఉంటే ఇప్పుడే చెప్పుండ్రి, మళ్ల కట్టుడు నాతోని గాదు" అంది. ఇద్దరిలో ఒక్కరూ వద్దనలేదు.

ఆ కార్తీకంలో ఇస్రాయేలు సారు నల్లగొండ నుంచి అదే నవల పేజీలన్నీ ఉన్నది సంపాదించి తెచ్చాడు. శాస్త్రం ఎంతవరకు ఒప్పో చూడాలని ఆయన ఆరాటం. భిక్షపతి ఆఖరి పదహారు పేజీలు గొంతెత్తి చదివాడు. మాధవరావు ఊరి బండి ఎక్కడు. ఉత్తరం చింపి, కలకత్తా బండి ఎక్కి, అక్కడ మలేరియా వచ్చి, అన్న పేరు తలుచుకోకుండానే చచ్చిపోతాడు.

"చూసినవా! నువ్వు మొదలు చెప్పిందే కరెక్టు!" అని ఇస్రాయేలు సారు ఎగిరి గంతేశాడు.

షెడ్డులో ఎవరూ సంతోషించలేదు. పీర్ మహమ్మద్ తల అడ్డంగా ఊపాడు. "గీ పుస్తకం రాసినోడెవడో గని, పాపం, వానికి అన్న లేనట్టున్నది" అన్నాడు బుచ్చయ్య. సారు నొచ్చుకుని పుస్తకం తీసుకుపోయాడు. గ్రంథాలయం ప్రతిలో మాత్రం, పేజీలు లేని చోట, భిక్షపతి తన చేత్తో ఒక కాగితం అంటించాడు. "మాధవరావు బండెక్కి ఇంటికి పోయిండు" అని ఒక్కటే వాక్యం. అది చూసి లైబ్రేరియను తిట్టాడు కానీ చింపలేదు.

భిక్షపతి ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు గడపలోనే కూర్చుని, మగ్గాలకు వీపు పెట్టే చదివాడు. అద్దాలు మారలేదు, గొంతు తగ్గలేదు. ఒక్కటి మాత్రం మారింది. వెనక మూలన తన మగ్గంలో చప్పుడు మొదలు కాగానే, పేజీ మీంచి కళ్లు తీయకుండా, నాయిక గుసగుసల మధ్యలోనే ఒక కేక వేసేవాడు.

"అన్నా, అంచు జర చూస్కో!"

"నువ్వు చదువుర" అనేవాడు రామచంద్రయ్య.